చీటీలకు గీసిన హద్దు లెక్కలోనూ ఉండాలి

అనంతపురం చుట్టుపక్కల ఎర్ర గరప నేలల్లో ఒకే చేనులో పై గట్టు దగ్గర పైరుకూ కింది గట్టు దగ్గర పైరుకూ తేడా కంటికే తెలిసిపోతుంది. వానకు మట్టి కిందికి జారుతుంది. పైన గులకరాళ్లు తేలి నేల లోతు తగ్గుతుంది, కింద మేట పడి తేమ ఇంకో నాలుగు రోజులు నిలుస్తుంది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ప్రాంతంలో, వేరుశనగ ఊడలు దిగే సమయానికి ఆ నాలుగు రోజుల తేమ చాలా విలువైనది.

అలాంటి చేనులో పై నుంచి కిందికి వరుసగా 8 మడులు కట్టి, నాలుగింటిలో కె-6, నాలుగింటిలో కదిరి లేపాక్షి అనే వేరుశనగ రకాలు వేసి పోల్చాలనుకుందాం. ఏ మడిలో ఏ రకమో చీటీలు తీసి తేల్చాలని పాఠ్యపుస్తకం చెబుతుంది. తీశారు. పై నాలుగు మడులకూ కె-6, కింది నాలుగింటికీ లేపాక్షి పడ్డాయి. నియమం ప్రకారం చీటీ చెప్పిందే వేయాలి. కానీ ఆ చేను తెలిసిన రైతెవరూ ఈ పోలికను ఒప్పుకోరు. లేపాక్షికి మంచి నేలంతా దక్కింది, గెలిస్తే అది రకం గొప్పా, నేల గొప్పా?

ప్రయోగాల రూపకల్పనలో ‘పరిమిత రాండమైజేషన్’ అనే విషయం ఈ ఇబ్బంది నుంచే పుట్టింది. లాటరీని పూర్తిగా వదిలేయకుండా, అది తిరిగే మేరకు ముందే హద్దు గీయడం దీని సారం. హద్దు గీయడం సులువే. గీసిన హద్దును తర్వాత లెక్కలో గుర్తు పెట్టుకోవడంలోనే ఎక్కువమంది తప్పిపోతున్నారు.

ముందు ఆ చీటీల సంగతి చూద్దాం. 8 మడుల్లో నాలుగింటిని ఎంచుకునే పద్ధతులు 70. రకాలు పూర్తిగా పైకీ కిందికీ విడిపోయేవి వాటిలో రెండే, అంటే 35కి ఒకటి. అంత అరుదైనదాని గురించి ఇంత ఆలోచన ఎందుకని అనిపించవచ్చు. అయితే చెడ్డ అమరికలు ఆ రెండే కావు. ఒక రకానికి దక్కిన మడులు రెండో రకం మడుల కంటే సగటున 3 మడులో అంతకన్నా ఎక్కువో కిందుగా ఉండేవి 70లో 8 ఉన్నాయి. వందకు 11 సార్లకు పైగా అలాంటిది పడుతుంది. జిల్లాలో ఏటా జరిగే చిన్న ప్రయోగాలన్నీ తలచుకుంటే ఇది అరుదైన విషయం కాదు.

పై మడి నుంచి కిందికి దిగే కొద్దీ ఒక్కో మడికి ఎకరాకు అర బస్తా చొప్పున దిగుబడి పెరుగుతుందని, రెండు రకాల మధ్య నిజానికి ఏ తేడా లేదని అనుకుందాం. నాలుగు పైన, నాలుగు కింద పడితే లేపాక్షి 2 బస్తాలు ఎక్కువ ఇచ్చినట్టు కనిపిస్తుంది. అదంతా వాలు ఇచ్చిన కాయే. ఇంతకన్నా ఇబ్బంది అనోవా పట్టికలో, అంటే దిగుబడుల తేడాలో ఏ కారణానికి ఎంత వాటా ఉందో విడదీసే లెక్కలో ఉంటుంది. మడుల దిగుబడులు మొత్తం సగటు నుంచి ఎంతెంత దూరంలో ఉన్నాయో వర్గాలు చేసి కూడితే 10.5 వస్తుంది. ఈ అమరికలో అందులో 8 రకాల ఖాతాలో పడుతుంది, 2.5 మాత్రమే దోషం ఖాతాలో, అంటే రకాలతో సంబంధం లేని మిగతా తేడాలో పడుతుంది. దోషాన్ని దాని 6 స్వేచ్ఛాంశాలతో, అంటే దాన్ని అంచనా వేయడానికి మిగిలిన విడి తేడాల సంఖ్యతో భాగించి, వచ్చినదానితో రకాల 8ని భాగిస్తే ఎఫ్ విలువ 19.2 అవుతుంది. 5 శాతం స్థాయికి కావలసింది, అంటే అసలు తేడా లేనప్పుడు వందకు 5 సార్లు మాత్రమే దాటే గీత, 5.99. లేని తేడాకు పట్టిక గట్టిగా సాక్ష్యం చెబుతుంది.

ఇది లాటరీ లోపమేనా? గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్ వాదన వేరు. 1919లో ఇంగ్లండ్‌లోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరిన ఆయన, 1926లో పొలం ప్రయోగాల అమరిక మీద రాసిన వ్యాసంలోనూ, 1935లో వచ్చిన ‘ది డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్’ పుస్తకంలోనూ చెప్పింది ఒక్క చీటీ ఫలితం గురించి కాదు. పడే అవకాశం ఉన్న అమరికలన్నిటినీ కలిపి చూడమన్నారు. మన 70 అమరికల్లో రకాల ఖాతాలో పడేది సగటున 1.5. దోషం ఖాతాలో సగటున పడే 9ని దాని 6 స్వేచ్ఛాంశాలతో భాగిస్తే వచ్చేదీ 1.5. రకాల మధ్య తేడా లేనప్పుడు ఈ రెండు అంకెలూ సమానం కావాలి. అప్పుడే దోషం అంచనాను నమ్మవచ్చు. పూర్తి లాటరీ ఈ సమానత్వాన్ని హామీగా ఇస్తుంది, నేల ఎలా ఉన్నా సరే. వాలు ఎటో, గులక ఎక్కడో, పాత పుట్ట ఏ మూలనో ఎవరికీ తెలియకపోయినా ఈ హామీ చెల్లుతుంది. ఈ బలాన్ని తక్కువ చేయకూడదు.

అవతలి పక్షాన ఉన్నవారూ సామాన్యులు కారు. ‘స్టూడెంట్’ అనే పేరుతో రాసిన విలియం గాసెట్ డబ్లిన్‌లో గిన్నెస్ కంపెనీలో పనిచేసేవారు, బార్లీ పంట ప్రయోగాలను దగ్గరగా ఎరిగినవారు. ఆయన మెచ్చిన పద్ధతుల్లో బీవెన్ అనే బార్లీ నిపుణుడి ‘సగం గొర్రు’ పద్ధతి ఒకటి. గొర్రులో ఒక సగానికి ఒక రకం విత్తనం, రెండో సగానికి ఇంకో రకం పోస్తారు. చేను చివర మలుపు తిరిగి వచ్చేసరికి ఒకే రకం సాళ్లు పక్కపక్కన పడతాయి. మొదటి రకం, రెండోది, మళ్లీ రెండోది, తర్వాత మొదటిది, ఈ వరుస చేనంతా సాగుతుంది. ట్రాక్టర్ గొర్రుతో వేరుశనగ విత్తేవాళ్లకు ఇది ఎంత సులువో చెప్పనక్కరలేదు. కె-6ను ‘క’, లేపాక్షిని ‘ల’ అనుకుంటే మన 8 మడుల్లో అది ‘క ల ల క క ల ల క’. వాలు వల్ల వచ్చే ఉత్తుత్తి తేడా ఇందులో సరిగ్గా సున్నా. ఇంత చక్కని అమరిక కళ్ల ముందుండగా చీటీలెందుకని గాసెట్ అడిగారు. 1937లో ఆయన కన్నుమూశాక, 1938లో ‘బయోమెట్రికా’లో వచ్చిన చివరి వ్యాసంలోనూ ఇదే వాదం.

గాసెట్ చెప్పింది సగం నిజం. ఆ అమరికలో రకాల మధ్య అసలు పొరపాటు తగ్గుతుంది, అందులో సందేహం లేదు. కానీ చేనులో ఉన్న 10.5 ఎక్కడికీ పోదు. రకాల ఖాతాలోంచి తీసేసినది దోషం ఖాతాలో చేరుతుంది. ‘క ల ల క’ వరుసలో రకాలకు సున్నా పడితే దోషానికి మొత్తం 10.5 పడుతుంది. అంటే ప్రయోగం నిజానికి ఎంత కచ్చితంగా ఉందో, పట్టిక అంత అధ్వానంగా ఉందని చెబుతుంది. రకాల మధ్య నిజమైన తేడా ఉన్నా, పెరిగిపోయిన దోషం దాన్ని కప్పేస్తుంది. నట్ విక్ పేరుతో పిలిచే, ప్రతి అడ్డు వరుసలోనూ ప్రతి నిలువు వరుసలోనూ ఒక్కో రకం ఒక్కసారే వచ్చే 5 అడ్డం, 5 నిలువు చదరంలోనూ ఇదే జరుగుతుందని ఓలాఫ్ టెడిన్ 1931లో చూపించారు. చదరంగంలో గుర్రం నడకలా రకాలను సర్దిన ఆ అమరిక అసలు పొరపాటును తగ్గించి, దోషం అంచనాను పెంచుతుంది. ఒకే రకం కర్ణం వెంట వరుసగా పడే చదరాల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం.

ఫిషర్ కూడా ఇక్కడ చివరిదాకా మొండిగా లేరు. 1952లో అమెరికన్ గణాంకవేత్త జిమ్మీ సావేజ్ ఆయన్ని నేరుగా అడిగారు: లాటరీలో నట్ విక్ చదరమే పడితే ఏం చేస్తారు? మళ్లీ తీస్తానేమో, అలాంటి క్రమబద్ధమైన చదరాలను ముందే బయట పెట్టే సిద్ధాంతం ఉంటే బాగుంటుంది అన్న అర్థంలో ఫిషర్ జవాబిచ్చారని సావేజ్ తర్వాత రాశారు. రాండమైజేషన్‌కు పునాది వేసిన మనిషే హద్దు అవసరమని ఒప్పుకున్నారు. ఆ హద్దు ఎలా గీస్తే 1.5, 1.5 సమానత్వం చెడదు అన్నది తర్వాతి తరం తేల్చాల్సిన పని.

అందరికీ తెలిసిన హద్దు బ్లాక్. 8 మడులనూ పై నుంచి రెండేసి చొప్పున 4 జతలుగా కట్టి, ఒక్కో జతలో నాణెం ఎగరేసి ఏది క, ఏది ల అని తేల్చడం. ఇప్పుడు అమరికలు 70 కాదు, 16. ఎంత చెడ్డది పడినా రకాల మధ్య సగటు దూరం ఒక్క మడి దాటదు, ఉత్తుత్తి తేడా అర బస్తా మించదు. అసలు మేలు లెక్కలో ఉంది. జతల మధ్య తేడాను అనోవాలో విడిగా తీసేస్తే 10.5లో 10 బ్లాకుల ఖాతాలోకి పోతుంది. మిగిలేది 0.5. అందులో రకాలకు సగటున 0.125, దోషానికి మిగిలే 0.375ను దాని 3 స్వేచ్ఛాంశాలతో భాగిస్తే అదీ 0.125. సమానత్వం చెక్కుచెదరలేదు, అంకె మాత్రం 1.5 నుంచి 12వ వంతుకు దిగింది. ఎరువు కలపలేదు, నీరు పెంచలేదు, ఒక్క మడి కూడా అదనంగా కట్టలేదు. లాటరీకి సరైన చోట గట్టు వేసి, అదే గట్టును పట్టికలో చూపించారు, అంతే.

జతలుగా కట్టి చీటీలు తీసి, పట్టికలో మాత్రం బ్లాకులు మరిచిపోతే ఏమవుతుందో కూడా ఈ అంకెలే చెబుతాయి. బ్లాకుల ఖాతాలో పడాల్సిన 10 తిరిగి దోషంలోకి వచ్చి చేరుతుంది. పొలంలో పడిన శ్రమ కాగితం మీద వృథా అవుతుంది. బ్లాకులకు తేడా కనిపించలేదు కాబట్టి వాటిని తీసేసి లెక్క వేశాం అని కొన్ని నివేదికల్లో రాస్తుంటారు. అది సరైన పని కాదు. చీటీ ఏ హద్దులో తీశారో ఆ హద్దు పంట వచ్చాక మారదు.

బ్లాక్ ఎటు కట్టాలన్నది అనంతపురం వంటి చోట పెద్ద విషయం. బ్లాక్ వాలుకు అడ్డంగా, అంటే సమాన ఎత్తు వెంబడి సాగాలి. ఒక బ్లాకులోని మడులన్నీ దాదాపు ఒకే లోతు నేలలో ఉండాలి, బ్లాకుకూ బ్లాకుకూ మధ్య తేడా ఎంత ఉన్నా పరవాలేదు. కాగితం మీద అందంగా ఉంటుందనో, ట్రాక్టర్ తిప్పడం సులువనో వాలు వెంట నిలువుగా బ్లాక్ కడితే పైమట్టి తేడా అంతా బ్లాక్ లోపలే ఉండిపోతుంది, అప్పుడు బ్లాక్ ఉన్నా లేనట్టే. బ్లాక్ చదరంగానే ఉండాలన్న నియమమూ లేదు. గట్టు వంకరగా పోతే బ్లాకూ వంకరగా పోవచ్చు. నంద్యాల వైపు నల్లరేగడిలో వాలు తక్కువ, అక్కడ నీరు నిలిచే పల్లాలు ఎక్కడో చూసి బ్లాక్ కట్టాలి. దీనికి ముంగారు వానల్లో ఒకసారి చేను చుట్టి రావడమో, ఆ చేను చేసే రైతును అడగడమో మంచి మార్గం. ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేని సంగతి అది.

హద్దుకు ఖర్చూ ఉంది. పూర్తి లాటరీలో దోషానికి 6 స్వేచ్ఛాంశాలు ఉంటాయి, జతల్లో 3 మాత్రమే. కాబట్టి దాటాల్సిన ఎఫ్ విలువ 5.99 నుంచి 10.13కు పెరుగుతుంది. దోషం 12వ వంతుకు దిగిన చోట ఈ ఖర్చు లెక్కలోకి రాదు, కానీ చదునైన, ఒకేరకం నేలలో ఇది దండుగే. ఇంకో కోణం: 70 అమరికల్లో ఒకటి చీటీగా పడినప్పుడు, ఫలితం అన్నిటికన్నా అనుకూలంగా వచ్చిందనుకుంటే, అది కేవలం అదృష్టంగా వచ్చే అవకాశం 70లో 1, అంటే 1.4 శాతం. 16 అమరికలే ఉంటే అది 6.25 శాతం. ‘క ల ల క’, ‘ల క క ల’ ముక్కలను మాత్రమే ఒప్పుకుంటే 8 మడులకు 4 అమరికలే మిగులుతాయి, అప్పుడు 25 శాతం కంటే కిందికి దిగడం అసాధ్యం. ఎంత అందమైన ఫలితం వచ్చినా, లాటరీ ఆధారంగా దాన్ని సమర్థించుకునే దారి ఉండదు. హద్దును మరీ బిగిస్తే లాటరీ పేరుకే మిగులుతుంది. నాలుగు జతలతో సరిపెట్టుకోకుండా ఆరో, ఎనిమిదో జతలు వేయాలనడం అందుకే.

ఇక సావేజ్ అడిగిన ప్రశ్న దగ్గరికి వద్దాం. బ్లాకులు కట్టలేని చోట, లేదా బ్లాకులు కట్టాక కూడా లోపల చెడ్డ అమరికలు పడే చోట, వాటిని మాత్రం బయట పెట్టవచ్చా? ఇక్కడ చాలామంది చేసే పని నచ్చని చీటీని పక్కన పడేసి మళ్లీ తీయడం, నచ్చేదాకా తీయడం. చెడ్డ అమరికలను మాత్రమే తీసేస్తే ఏమవుతుందో పై లెక్క తెలిసినవారు ఊహించగలరు. రకాల ఖాతాలో పడే సగటు తగ్గుతుంది, దోషం సగటు పెరుగుతుంది. అంటే గాసెట్ చిక్కే చిన్న మోతాదులో తిరిగి వస్తుంది. పైగా ‘నచ్చేదాకా’ అన్నదానికి హద్దు ఎవరికీ తెలియదు కాబట్టి అవకాశం లెక్క కట్టడమే కుదరదు.

గణాంకవేత్త ఫ్రాంక్ యేట్స్ 1940ల చివర్లో ముందుకు తెచ్చి, గ్రండీ, హీలీ 1950లో సిద్ధాంతంగా మలిచిన మార్గం వేరు. మరీ చెడ్డ అమరికలను తీసేసేటప్పుడు, దానికి సరితూగేలా కొన్ని మరీ మంచి అమరికలను కూడా వదులుకోవాలి. ఏ రెండు మడులను తీసుకున్నా, వాటికి ఒకే రకం పడే అవకాశం పూర్తి లాటరీలో ఎంతో, మిగిలిన అమరికల్లోనూ అంతే ఉండాలి. మన 8 మడుల్లో ఆ అవకాశం 7లో 3. తర్వాత అమెరికాలో జాక్ యూడెన్ ఇదే దారిలో నడిచారు, 1983లో రోజ్‌మేరీ బెయిలీ దీన్ని గ్రూపు సిద్ధాంతం అనే గణిత శాఖతో ముడిపెట్టి స్పష్టం చేశారు.

వినడానికి కష్టంగా ఉన్నా, 8 మడులకు దీన్ని చేత్తోనే చేసి చూడవచ్చు. పై నుంచి మడులకు 1 నుంచి 8 వరకు నంబర్లు ఇద్దాం. ఒక రకం పడాల్సిన మడులు ఇలా 7 రకాలుగా రాసుకోవాలి: (1, 2, 3, 8), (1, 2, 5, 6), (1, 2, 4, 7), (1, 3, 5, 7), (1, 3, 4, 6), (1, 4, 5, 8), (1, 6, 7, 8). రెండో రకం మిగిలిన నాలుగు మడుల్లో. ఈ ఏడింటిలో ఒకటి చీటీ తీసి, తర్వాత నాణెం ఎగరేసి ఏది క, ఏది ల అని తేల్చాలి. మొత్తం 14 అమరికలు. ఏ రెండు మడులను పట్టుకున్నా ఈ ఏడింటిలో సరిగ్గా మూడింటిలో వాటికి ఒకే రకం పడుతుంది. ఒక కాగితం తీసుకుని సరిచూడదగ్గ విషయమిది. నాలుగు పైన, నాలుగు కింద పడే అమరిక ఇందులో లేదు. రకాల మధ్య సగటు దూరం ఎప్పుడూ 2 మడులు మించదు, ఉత్తుత్తి తేడా బస్తా మించదు. రకాల ఖాతాలో పడేది ఐదింటిలో 2, ఒకదానిలో 0.5, ఒకదానిలో సున్నా. ఏడింటి సగటు 1.5. పూర్తి లాటరీలో ఎంత ఉందో సరిగ్గా అంత.

ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి. సగటు తగ్గలేదు, విపరీతం మాత్రమే పోయింది. లెక్కకు కనిపించని హద్దు గీసి, మామూలు విశ్లేషణనే వాడాలనుకుంటే దక్కేది ఇంతవరకే. సగటునే తగ్గించాలంటే బ్లాకుల్లాగా లెక్కకు కనిపించే హద్దు కావాలి. పరిమిత రాండమైజేషన్ మీద ఉన్న గందరగోళంలో చాలా భాగం ఈ రెండు హద్దులనూ ఒకటిగా చూడటం వల్లే వస్తోంది.

ఆ ఏడు అమరికలను ఏడు నిలువు వరుసలుగా రాస్తే, ఏ రెండు వరుసలను పక్కపక్కన పెట్టినా ‘క క’, ‘క ల’, ‘ల క’, ‘ల ల’ నాలుగూ రెండేసి సార్లు వస్తాయి. ఇలాంటి పట్టికలకు ఆర్తోగొనల్ అర్రేలని పేరు, వాటి సిద్ధాంతాన్ని 1947లో ప్రపంచానికి అందించినవారు సి. ఆర్. రావు. తెలుగు కుటుంబంలో 1920లో హడగళిలో పుట్టిన ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. హడగళి ఇప్పుడు కర్ణాటకలో ఉంది, ఆయన పుట్టినప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేది. అనంతపురం, కడప, కర్నూలులతో పాటు బళ్లారీ దత్తమండలాల్లో భాగమే. ఈ సీమ బడుల్లో, కాలేజీల్లో ఆయన పేరు ఇంకా ఎక్కువగా వినిపించాలి.

మనుషుల మీద జరిగే ప్రయోగాల్లో ఇవే సూత్రాలు వేరే రూపంలో కనిపిస్తాయి. కర్నూలులో ఒక కేంద్రం, అనంతపురంలో ఒక కేంద్రం పెట్టి ఒక మందును పరీక్షిస్తే, ఒక్కో కేంద్రానికి వేరుగా, నలుగురేసి రోగులకు ఒక బ్లాక్ చొప్పున చీటీలు సిద్ధం చేస్తారు. ఇక్కడ పొలంలో లేని ప్రమాదం ఒకటి ఉంది. బ్లాకులో మొదటి ఇద్దరికీ కొత్త మందే పడిందని తెలిస్తే, తర్వాతి ఇద్దరికీ పాత మందేనని డాక్టర్‌కు ముందే అర్థమవుతుంది. ఎవరిని ఎప్పుడు చేర్చాలో ఆయన చేతిలో ఉంటుంది కాబట్టి లాటరీ చెడిపోతుంది. అందుకే బ్లాకుల సైజు మార్చి మార్చి ఇస్తారు, దాన్ని ఎవరికీ చెప్పరు. 1971లో బ్రాడ్లీ ఎఫ్రాన్ సూచించిన పక్షపాతపు నాణెం ఇంకో దారి: అప్పటిదాకా తక్కువమంది చేరిన వైపుకు మూడింట రెండు వంతుల అవకాశం ఇస్తారు, పూర్తి ఖాయం మాత్రం చేయరు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ఉపాధ్యాయుల ప్రోత్సాహకాల అధ్యయనం మన కళ్ల ముందే జరిగిన ఉదాహరణ. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ కోస్తా, రాయలసీమ, తెలంగాణ మూడింటి నుంచీ జిల్లాలను తీసుకుని, 50 మండలాల్లో 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను ఎంచుకున్నారు. లాటరీ రాష్ట్రం మొత్తానికి ఒకటే వేయలేదు. ప్రతి మండలంలోని 10 బడులనూ రెండేసి చొప్పున ఐదు వర్గాలకు పంచారు. మండలమే బ్లాక్. ఒక మండలంలో వానలు, వలసలు, ఎంఈఓ తీరు ఎలా ఉన్నా అన్ని వర్గాలకూ సమానంగా తగులుతాయి. విశ్లేషణలోనూ మండలాన్ని లెక్కలోకి తీసుకున్నారు.

బడుల్లాగా పోల్చాల్సిన లక్షణాలు ఎన్నో ఉన్నప్పుడు బ్లాకులు సరిపోవు. అలాంటి చోట కారీ మోర్గాన్, డొనాల్డ్ రూబిన్ 2012లో ప్రతిపాదించిన పద్ధతి వాడుతున్నారు: రెండు గుంపుల మధ్య దూరాన్ని మహలనోబిస్ 1936లో ఇచ్చిన కొలతతో కొలిచి, అది ముందే ప్రకటించిన గీత దాటితే చీటీ మళ్లీ తీయడం. గీత ముందే రాసి పెట్టాలి. ఫలితాన్ని పరీక్షించేటప్పుడు ఆ గీతకు లోబడిన అమరికల్లోనే పోల్చాలి. ఈ రెండూ లేకపోతే ఇది నచ్చేదాకా చీటీ తీయడమే అవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా నష్టం చేసే హద్దు ఎవరూ కోరి గీయనిది. పని సౌకర్యం కోసం దానంతట అదే పడుతుంది. డ్రిప్ దీనికి మంచి ఉదాహరణ. మూడు స్థాయిల నీటి తడులు, నాలుగు వేరుశనగ రకాలు, నాలుగు రెప్లికేషన్లు, అంటే అన్ని కలయికలనూ నాలుగుసార్లు వేయడం, మొత్తం 48 మడులు. రకాన్ని ఏ మడిలోనైనా విత్తవచ్చు. నీటిని మాత్రం మడి మడికీ మార్చడం కుదరదు. ఒక వాల్వ్ తిప్పితే దాని కింద ఉన్న లైన్లన్నిటికీ ఒకే మోతాదు పోతుంది. కాబట్టి ఒక్కో రెప్లికేషన్‌లో మూడు వాల్వులు, ఒక్కో వాల్వ్ కింద నాలుగు మడులు. నీటి చీటీ వాల్వుకు పడుతుంది, రకం చీటీ మడికి పడుతుంది. ఇదే స్ప్లిట్ ప్లాట్. 1935లో యేట్స్ తన ‘కాంప్లెక్స్ ఎక్స్‌పెరిమెంట్స్’ వ్యాసంలో దీన్ని విపులంగా చర్చించారు. పరిశ్రమల్లోనూ ఇదే ఉంటుంది. యర్రగుంట్ల వైపు సున్నపురాయితో సిమెంట్ చేసేచోట, సుమారు 1450 డిగ్రీల దగ్గర కాలే కొలిమి వేడిని ప్రతి నమూనాకూ మార్చలేరు. ఒక వేడికి వచ్చిన క్లింకర్‌ను భాగాలు చేసి జిప్సం పాళ్లు మార్చి చూస్తారు. కొలిమి వేడి వాల్వ్ లాంటిది, జిప్సం రకం లాంటిది.

తప్పు ఇక్కడ మొదలవుతుంది. 48 మడుల్లో దిగుబడి తూచారు కదా అని, 12 ట్రీట్‌మెంట్ల (మూడు తడులు, నాలుగు రకాల కలయికల) మామూలు బ్లాక్ ప్రయోగంగా లెక్క వేస్తే దోషానికి 33 స్వేచ్ఛాంశాలు వస్తాయి. నీటి ప్రభావానికి దాటాల్సిన ఎఫ్ విలువ సుమారు 3.28 అవుతుంది. కానీ నీటికి సంబంధించి చీటీ తీసింది 48 సార్లు కాదు, 12 వాల్వులకే. ఆ 33లో నీటికి చెల్లేది 6 మాత్రమే, మిగతా 27 రకాలకూ, నీరు-రకం కలిసి చూపే ప్రభావానికీ చెందుతాయి. నీటికి సరైన గీత 5.14. పైగా ఒకే వాల్వ్ కింది మడులు పక్కపక్కనే ఉంటాయి, ఒకే నేల, ఒకే ప్రెషర్. అందువల్ల వాల్వుల మధ్య దోషం సాధారణంగా మడుల మధ్య దోషం కన్నా పెద్దది. రెండు దోషాలనూ కలిపేస్తే నీటికి లేని గొప్ప వస్తుంది, రకాలకు ఉన్న కచ్చితత్వం పోతుంది. నీటి తడి మీద సిఫార్సు రైతుకు బోరు, మోటారు, కరెంటు ఖర్చుతో ముడిపడి ఉన్న ఈ జిల్లాలో ఇది చిన్న తప్పు కాదు.

ఇంకా ఘోరమైన రూపం ఒకటుంది. ఒక్కో నీటి స్థాయికి ఒకే వాల్వ్ పెట్టి, దాని కింద 16 మడులు కట్టి, వాటినే 16 రెప్లికేషన్లుగా చెప్పుకోవడం. 1984లో స్టువర్ట్ హర్ల్‌బర్ట్ పర్యావరణ ప్రయోగాల్లో ఇలాంటివి ఎన్నో బయటపెట్టి, ఉత్తుత్తి రెప్లికేషన్ అన్న అర్థంలో దానికి పేరు పెట్టారు. ఈ పరిస్థితిలో నీటి తేడానూ ఆ మూడు చోట్ల నేల తేడానూ విడదీసే మార్గమే లేదు. పంట కోశాక ఏ గణాంకవేత్త దగ్గరికి తీసుకెళ్లినా ఫలితం ఉండదు.

పరిష్కారం విత్తకముందే ఉంది. ప్రయోగంలో అసలు ప్రశ్న రకాల గురించైతే, లేదా ఏ రకానికి ఎంత నీరు సరిపోతుందన్నదైతే, నీటిని వాల్వుల మీద పెట్టడం మంచి బేరమే, ఎందుకంటే 27 స్వేచ్ఛాంశాలున్న చిన్న దోషంతోనే ఆ పోలికలు జరుగుతాయి. అసలు ప్రశ్న నీటి గురించే అయితే మాత్రం మడులు పెంచి లాభం లేదు. ఒక్కో వాల్వ్ కింద నాలుగు మడులకు బదులు ఎనిమిది కట్టినా నీటికి దక్కేది అవే 6. దోషానికి కనీసం 12 స్వేచ్ఛాంశాలు ఉండాలని మన వ్యవసాయ కాలేజీల్లో చెప్పే కొండగుర్తును నీటికీ వర్తింపజేస్తే, మూడు స్థాయిలకు 7 రెప్లికేషన్లు కావాలి, అంటే 21 వాల్వులు. అంత పైపు, అంత నేల లేకపోతే రకాలను నాలుగు నుంచి రెండుకు తగ్గించి, ఆ మిగిలిన చోటును, డబ్బును వాల్వులకు మళ్లించడం మేలు. 42 మడులే అవుతాయి, మునుపటి 48 కన్నా తక్కువే.